పువ్వుకో చట్టం, ఆకుకో చట్టం: మత్తు మొక్కల అమ్మకాన్ని మన దేశం ఎలా చూస్తోంది

విజయనగరంలో ఒక గ్రంథాలయంలో జరిగిన ఆదివారం సభలో, క్రిమినల్ కేసులు వాదించే ఒక న్యాయవాది చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక దాకా వినబడుతోందా? సరే. ఫ్యాను ఆపకు బాబూ, మైకులో గాలి చప్పుడు వచ్చినా పర్లేదు. ఉక్కపోస్తే ఎవరూ వినరు.

నన్ను పిలిచినవాళ్లు "గంజాయి మీద మాట్లాడండి సార్" అన్నారు. గంజాయి ఒక్కటే అయితే రానన్నాను. ఎందుకంటే గంజాయి మీద మనందరికీ ముందే ఒక అభిప్రాయం ఉంది. నేను గంట మాట్లాడినా అది మారదు. కానీ గసగసాలు మీ వంటింట్లో ఉన్నాయి. చుట్ట మీ నాయనమ్మ నోట్లో ఉంది. ఉమ్మెత్త మీ వీధి చివర కాలవ గట్టు మీద ఉంది. ఇవన్నీ మత్తుతో చుట్టరికం ఉన్న మొక్కలే. ఒకదాన్ని అమ్మితే ఇరవై ఏళ్లు జైలు. ఒకదాన్ని అమ్మితే ప్రభుత్వానికి పన్ను. ఒకదాన్ని అసలు ఎవరూ పట్టించుకోరు. ఎందుకిలా? ఈ పూట మాట్లాడదలచుకున్నది అదే.

ముందు ఒక ప్రశ్న. గంజాయి మొక్క మన దేశంలో నిషేధమా, కాదా? నిషేధం అనేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. కుర్రాళ్లు కూడా ఎత్తారు, సంతోషం. ఇప్పుడు చట్టంలో ఏముందో చెబుతాను, వినండి.

1985లో వచ్చిన చట్టం ఇది. ఎన్‌డీపీఎస్ చట్టం అంటాం, అంటే మత్తు పదార్థాల చట్టం. ఆ ఏడాది నవంబర్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో రెండో సెక్షన్‌లోనే నిర్వచనం ఉంది. గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ పట్టిన కొనలు. ఆ కొనల్లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందకు రావు. మళ్లీ చెబుతాను. ఆకులు రావు, గింజలు రావు. మొక్క నుంచి తీసిన బంక చరస్. అది గంజాయి కంటే పెద్ద నేరం. కొన గంజాయి. ఆకు నూరితే భంగు. భంగు ఈ చట్టంలో లేదు. ఆ సంగతి రాష్ట్రాల ఎక్సైజు చట్టాలకు వదిలేశారు.

అందుకే ఉత్తరప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో లైసెన్సున్న భంగు కొట్లు ఉన్నాయి. కాశీ వెళ్లొచ్చినవాళ్లు చూసే ఉంటారు. చూశారు కదమ్మా? తాగారా అని అడగను, కంగారు పడకండి. అదే మన రాష్ట్రంలో అలాంటి కొట్టు లేదు. కాబట్టి ఇక్కడ భంగు అమ్మితే ఎక్సైజు కేసు. అక్కడ కౌంటర్లో డబ్బులిచ్చి కొనుక్కున్నదే కదా అని సంచిలో వేసుకుని రైలెక్కి వస్తే, దిగిన చోట చట్టం వేరు.

ఇక గింజ. 2021 నవంబర్‌లో ఆహార భద్రతా సంస్థ, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఆ గింజల్ని, ఆ గింజల నూనెని, పిండిని తిండి పదార్థాలుగా గుర్తించింది. ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, పొడుల డబ్బాల్లో. కాండం నుంచి నార వస్తుంది. దానికోసం ఉత్తరాఖండ్ 2018లో సాగు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. దేశంలో మొదటి రాష్ట్రం అదే. చట్టంలో పద్నాలుగో సెక్షన్ అందుకు దారి ఇచ్చింది.

ఇప్పుడు చెప్పండి. నేల ఒకటే, వేరు ఒకటే, మొక్క ఒకటే. కొన పట్టుకుంటే జైలు, ఆకు పట్టుకుంటే ఏ రాష్ట్రం అని అడుగుతారు, గింజ పట్టుకుంటే ఆరోగ్యానికి మంచిదంటారు. ఈ గీత ఎవరు గీశారు?

గీసింది మన పార్లమెంటు అనుకుంటాం. నిజానికి గీత 1961 నాటిది. ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో మత్తు పదార్థాల మీద ఒక అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. అందులోనే "పూత కొనలు, ఆకులు గింజలు కాకుండా" అనే మాట ఉంది. మన దేశంలో హోలీకి, శివరాత్రికి భంగు తాగే అలవాటు ఎంత పాతదో చెప్పక్కర్లేదు. ఆకును నిషేధిస్తే ఊళ్లకు ఊళ్లనే అరెస్టు చేయాలి. అందుకని ఆకు బయటపడింది. మిగతాదాని వాడకాన్ని ఆపడానికి పాతికేళ్ల గడువిచ్చారు. ఒప్పందం 1964లో అమల్లోకి వచ్చింది. పాతికేళ్లు కలపండి, 1989. ఆ గడువు దగ్గర పడుతుంటే 1985లో మనవాళ్లు చట్టం చేశారు. అంతవరకూ కొన్ని రాష్ట్రాల్లో గంజాయి కూడా లైసెన్సు కొట్లలోనే అమ్మేవారు.

ఇంకా వెనక్కి వెళ్దాం. తెల్లవాళ్లు ఈ ప్రశ్న మీద 1893లో ఒక కమిషన్ వేశారు. ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్. దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల్ని విచారించారు. డాక్టర్లు, కలెక్టర్లు, సాగు చేసేవాళ్లు, పిచ్చాసుపత్రుల అధికారులు, అందరినీ. 1894లో రిపోర్టు ఇచ్చారు, ఏడు సంపుటాలు. ఏం తేల్చారు? మితంగా వాడేవాళ్లకు పెద్ద హాని కనబడలేదు, పూర్తి నిషేధం అవసరం లేదు, పన్ను వేయండి, లైసెన్సులివ్వండి, ఒక మనిషి దగ్గర ఎంత ఉండొచ్చో పరిమితి పెట్టండి అన్నారు. తెల్లదొరల దయ అనుకోకండి. అబ్కారీ ఆదాయం వాళ్లకు ముఖ్యం. మన మద్రాసు ప్రెసిడెన్సీకి 1886 అబ్కారీ చట్టం ఉంది. సారాకీ మత్తు మొక్కలకీ కలిపి ఒకటే చట్టం. కొట్టు వేలం వేయి, పాటదారు డబ్బు కట్టు, అమ్ముకో. ఆ లెక్క చాలా సులువు.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాలు, ఆరోగ్యానికి హాని చేసే మత్తు పదార్థాలు మందు అవసరానికి తప్ప లేకుండా చేయడానికి ప్రభుత్వం ప్రయత్నించాలి అని రాసుకున్నాం. మత్తు పానీయాల విషయంలో ఆ ప్రయత్నం ఎలా ఉందో మీకు తెలుసు. నేను మళ్లీ చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు బరువుల సంగతి. వెనక వరసలో కూర్చున్న కుర్రాళ్లూ, ఫోన్లు పక్కన పెట్టి ఈ పది నిమిషాలు వినండి. ఈ ముక్క మీకోసమే.

ఈ చట్టంలో శిక్ష తూకం మీద ఆధారపడి ఉంటుంది. 2001లో సవరణ చేసి మెట్లు పెట్టారు. గంజాయి అయితే ఒక కిలో లోపు చిన్న మొత్తం. 20 కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. మధ్యలోది మధ్య మొత్తం. చిన్న మొత్తానికి ఏడాది దాకా జైలు, లేదా పది వేల దాకా జరిమానా, లేదా రెండూ. మధ్య మొత్తానికి పదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. 20 కిలోలు దాటితే తక్కువలో తక్కువ పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా. తక్కువలో తక్కువ పదేళ్లు అన్నాను, విన్నారా? జడ్జి గారికి జాలేసినా తొమ్మిదేళ్లు వేయడానికి లేదు.

మన జిల్లాల్లో కేసు ఎలా వస్తుందో చూడండి. సరుకు పైనుంచి, ఒడిశా వైపు కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి దిగుతుంది. కొంతకాలం క్రితం వరకూ మన పాడేరు ఏజెన్సీలో కూడా బాగా వేసేవారు. 2021లో పరివర్తన పేరుతో పోలీసులు తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు ఒకేసారి తగలబెట్టారు, టీవీల్లో చూశారు. ఇప్పుడు మన ఊళ్లు ఎక్కువగా దారి. సాలూరు ఘాటు, పార్వతీపురం రైలు, ఇచ్ఛాపురం హైవే. ఆ సరుకు రెండేసి కిలోల ప్యాకెట్లుగా నొక్కి, బ్రౌన్ టేపు చుట్టి వస్తుంది. పది ప్యాకెట్లు అంటే 20 కిలోలు. చట్టం "20 కిలోలకు మించి" అంటుంది. పదకొండో ప్యాకెట్టు పెడితే చాలు, కుర్రాడి జీవితం వేరే సెక్షన్‌లోకి వెళ్లిపోయింది.

ఆ పదకొండో ప్యాకెట్టు ఎవరు పెడతారు? మోసేవాడు పెట్టడు. వాడికి బ్యాగు కట్టి ఇస్తారు. విశాఖ దాకానో విజయవాడ దాకానో తీసుకెళ్లి, ఫోన్ వచ్చినప్పుడు ఇచ్చేయాలి. దానికి కొన్ని వేలు. వాడు తూకం వేసుకుని ఎక్కడు కదా! దొరికాక పంచనామాలో వీఆర్వో గారి ముందు తూకం వేస్తే 22 కిలోలు. "అయ్యా, బ్యాగులో ఏటుందో నాకు తెలీదు" అంటాడు. నిజంగానే తెలియకపోవచ్చు. కానీ ఈ చట్టంలో 35వ సెక్షన్ ఒకటుంది. తెలిసే చేశాడని కోర్టు అనుకుంటుంది. తెలియదని వాడే రుజువు చేసుకోవాలి. మామూలు కేసుల్లో నేరం రుజువు చేయాల్సింది పోలీసులు. ఇక్కడ ఆ భారంలో పెద్ద భాగం ముద్దాయి మీద పడుతుంది.

బెయిలు? 37వ సెక్షన్. వాణిజ్య మొత్తం అయితే, ఇతను నేరం చేయలేదని నమ్మడానికి కారణాలున్నాయి, బయటికొస్తే మళ్లీ చేయడు అని కోర్టుకు నమ్మకం కుదరాలి. విచారణ మొదలు కాకముందే నేరం చేయలేదని నమ్మించాలి! ఎలా నమ్మిస్తాం? అందుకే ఈ కుర్రాళ్లు రిమాండులోనే నెలలు, ఏళ్లు గడుపుతారు. తల్లులు మా ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. సరుకు కొన్నవాడు, కట్టినవాడు, ముందు కారులో పైలట్‌గా వెళ్లినవాడు, వీళ్లు చార్జిషీటులో "పరారీలో ఉన్న" అనే మాట పక్కన ఉంటారు.

మీరు అడగొచ్చు, మరి ఆకులు లెక్కలోకి రావన్నారు కదా, ఆ ప్యాకెట్లో ఆకులు, కాడలు కూడా ఉంటాయి కదా అని. మంచి ప్రశ్న. మేం కోర్టులో అడిగేదీ అదే. ఆకు, కాడ, గింజ తీసేస్తే 22 కిలోలు 20 లోపుకు రావొచ్చు. ఈ వాదన మీద బెయిలు ఇచ్చిన కోర్టులున్నాయి, ఒప్పుకోని కోర్టులున్నాయి. పూత కొనతో కలిసి ఉన్న ఆకు గంజాయే కదా అని ప్రాసిక్యూషన్ వాదన. ఒక మనిషి పదేళ్ల జీవితం కాడలు వేరు చేశారా లేదా అన్న దగ్గర ఆగుతుంది. తమాషాగా ఉందా? నాకెప్పుడూ తమాషాగా అనిపించలేదు.

ఇంకొక అపోహ. సోదా చేసేముందు గెజిటెడ్ అధికారి ముందో మెజిస్ట్రేటు ముందో సోదా చేయించుకునే హక్కు ఉందని చెప్పాలి, అది 50వ సెక్షన్. అది మనిషి ఒంటి మీద సోదాకే. చేతిలో బ్యాగుకు వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. యూట్యూబ్ చూసి వచ్చి "సార్, గెజిటెడ్ ఆఫీసర్ రాలేదు, కేసు పోతుంది కదా" అంటారు. పోదు నాయనా.

ఈ సభలో సాలూరు వాళ్లు ఉన్నారా? ఉన్నారు. లారీలకు సాలూరు పెట్టింది పేరు కదా, కాబట్టి మీకు ఒక మాట చెప్పాలి. లారీలో సరుకు దొరికితే లారీ ఏమవుతుంది? 60వ సెక్షన్ ప్రకారం జప్తు అవుతుంది. ఓనరు ఏం చూపించాలి? తనకు తెలియదని చూపిస్తే సరిపోదు. తనకు తెలియదు, తన ఏజెంటుకు తెలియదు, బండి నడిపే డ్రైవరుకూ తెలియదు, ముగ్గురూ తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు, ఇంత చూపించాలి. డ్రైవరు తెలిసే ఎక్కించుకున్నాడనుకోండి. ఓనరు ఇంట్లో నిద్రపోతున్నాడు. ఫైనాన్సు కిస్తీ మాత్రం నిద్రపోదు. లారీ స్టేషన్ ఆవరణలో ఎండకు ఎండి, వానకు తడిసి, టైర్లు కుంగి, కేబిన్‌లో మొక్కలు మొలిచి అలా ఉంటుంది. మీరందరూ చూసే ఉంటారు, హైవే మీద ప్రతి స్టేషన్ పక్కనా.

2025 జనవరిలో సుప్రీంకోర్టు ఒక మంచి తీర్పు ఇచ్చింది. అస్సాంలో ఒక లారీ ఓనరు కేసు. అప్పు చేసి కొన్న లారీ. ఎక్కిన మనిషి దగ్గర హెరాయిన్ దొరికింది. కేసు నడుస్తున్నంతకాలం బండిని షరతుల మీద ఓనరుకు అప్పగించడానికి ఈ చట్టం అడ్డు కాదు అని తేల్చారు. కాబట్టి మీకెవరికైనా అలాంటి కష్టం వస్తే, "ఎన్‌డీపీఎస్ బండి రాదు సార్" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. పిటిషన్ వేయండి. లోడు ఎక్కించేటప్పుడు ఫొటోలు, వే బిల్లు, డ్రైవరు లైసెన్సు, జీపీఎస్ రికార్డు దాచుకోండి. తగిన జాగ్రత్తలు అంటే కోర్టుకు చూపించడానికి ఉండేవి ఇవే.

ఇక వంటింట్లోకి వద్దాం. గసగసాలు. నాటుకోడి పులుసులోకి గసగసాలు నూరని ఇల్లుందా ఇక్కడ? గసగసాలు ఏ చెట్టువి? నల్లమందు చెట్టువి. అదే కాయ. పచ్చికాయ మీద గాటు పెడితే పాలు కారతాయి, ఆ పాలు గట్టిపడితే నల్లమందు. దాంట్లోంచే మార్ఫిన్, దాన్నుంచే హెరాయిన్. కాయ ఎండాక లోపల గింజలు గసగసాలు. గింజల్ని చట్టం వదిలేసింది, కాయ డొక్కని పట్టుకుంది, పాలని గట్టిగా పట్టుకుంది.

దీన్ని మన దేశం ఎంత పకడ్బందీగా నడుపుతుందో చూడండి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, ఈ మూడు రాష్ట్రాల్లో మాత్రమే, కేంద్రం ప్రకటించిన ప్రాంతాల్లో మాత్రమే సాగు. గ్వాలియర్‌లో ఉన్న సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ రైతుకు ఏటా లైసెన్సు ఇస్తుంది. నేల కొలుస్తారు. గాటు పెట్టే రోజుల్లో తీసిన పాలను ప్రతిరోజూ తూకం వేసి రాస్తారు. ఊళ్లో ఆ లెక్క చూడ్డానికి లంబర్‌దారు అని ఒక మనిషి ఉంటాడు. ఆ పాలు మొత్తం ప్రభుత్వానికే ఇవ్వాలి, ప్రభుత్వం చెప్పిన ధరకి. నీమచ్‌లో, గాజీపూర్‌లో ప్రభుత్వ ఫ్యాక్టరీలున్నాయి. నిర్ణయించినంత దిగుబడి చూపించకపోతే మరుసటి ఏడు గాటు పెట్టే లైసెన్సు రాదు. అదే రైతు అదే పొలంలో వచ్చిన గసగసాలను మాత్రం మార్కెట్లో తనకు నచ్చిన ధరకి అమ్ముకోవచ్చు. ఒకే కాయలో సగం ప్రభుత్వానిది, సగం రైతుది.

అంటే ఏమిటి? ఈ దేశానికి మత్తు మొక్క అమ్మకాన్ని నియంత్రించడం చేతకాదా? చేతనవును. రెండు వందల ఏళ్లుగా చేస్తోంది. చేయాలనుకున్న చోట కొలిచి, తూచి, లైసెన్సిచ్చి, కొనుక్కుని చేస్తోంది.

ఒక్క హెచ్చరిక. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లున్నారు. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు ప్రతి ఊరి నుంచీ గల్ఫ్‌కి వెళ్లేవాళ్లున్నారు. కొడుకు దుబాయ్ వెళ్తున్నాడని పచ్చళ్లతో పాటు మసాలా సామాను కట్టి ఇస్తారు కదా, దాంట్లో గసగసాల పొట్లం పెట్టకండి. యూఏఈలో, సౌదీలో, సింగపూర్‌లో గసగసాలు మత్తు పదార్థం కింద నిషేధం. ఇక్కడ మన కిరాణా కొట్టులో వంద గ్రాములు అడిగితే కట్టిచ్చేది, అక్కడ ఎయిర్‌పోర్టులో దొరికితే జైలు. నాకు తెలియదండీ, మా అమ్మ పెట్టిందండీ అంటే అక్కడ వినరు. మసాలా పొడిలో కలిపినా అంతే. ఇంటికెళ్లి మీ వాళ్లందరికీ చెప్పండి.

ఉమ్మెత్త సంగతి చూడండి. ప్రాణం తీసే మొక్క. ఎన్‌డీపీఎస్ పట్టికలో లేదు. దాన్ని ఆయుర్వేదం మందుల్లో వాడుతుంది. అందుకని 1940 నాటి మందుల చట్టం కింది నియమాల్లో విష ద్రవ్యాల జాబితా ఒకటి పెట్టారు. నల్లమందు, భంగు, ఉమ్మెత్త, గన్నేరు, గురివింద, నాభి, ముష్టి అన్నీ అందులో ఉన్నాయి. ఇవి కలిసిన మందును లోపలికి తీసుకునేదిగా అమ్మితే, వైద్య పర్యవేక్షణలో వాడాలి అని లేబుల్ మీద ఇంగ్లీషులోనూ హిందీలోనూ రాయాలి. తెలుగులో? అక్కర్లేదు. మన ఊరి ముసలావిడ ఆ డబ్బా మీద హెచ్చరిక ఏ భాషలో చదువుకోవాలో మీరే చెప్పండి.

ఈ సందులోంచే గంజాయి చాక్లెట్లు వచ్చాయి. హైదరాబాద్ చుట్టుపక్కల బడ్డీ కొట్లలో దొరికాయని పేపర్లలో చదివారు కదా. రేపరు మీద ఆయుర్వేద మందు అని ఉంటుంది, ఎక్కడో ఉత్తరాది రాష్ట్రంలో లైసెన్సు నంబరు ఉంటుంది. భంగు కలిసిన మందు తయారు చేయడం అక్కడ చట్టబద్ధమే కావచ్చు. కానీ మందుగా లైసెన్సు తీసుకున్నది పాన్ షాపులో పిల్లలకు మిఠాయిగా అమ్మడానికి ఏ లైసెన్సూ లేదు. గంజాయి ఆకు నుంచి తీసిన సారాన్ని ఆయుష్ లైసెన్సు మీద, డాక్టరు చీటీ మీద అమ్మే కంపెనీలు కూడా ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. సరైన డాక్టరు, సరైన రోగి అయితే నాకు అభ్యంతరం లేదు. వీడియో కాల్లో రెండు నిమిషాలు మాట్లాడి చీటీ రాసే పద్ధతి మీదే నాకు అనుమానం.

పొగాకు గురించి మాట్లాడకుండా ఈ జిల్లాల్లో మత్తు మొక్కల మీద ఉపన్యాసం ఇస్తే అది అబద్ధం అవుతుంది. మన తీరం వెంబడి పల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. చేతులు నీళ్లలో, చేపల్లో, పనిలో ఉంటాయి. చుట్ట ఆరకుండా నోట్లోనే ఉంటుంది, పెదాలు మూసుకుని. బూడిద నోట్లోనే. చూడనివాళ్లకు చెబితే నమ్మరు. దీని మీద శ్రీకాకుళం జిల్లాలో 10 వేల మందికి పైగా పల్లె జనాన్ని పరీక్షించి పరిశోధకులు 1971లో ఒక వ్యాసం ప్రచురించారు. నూటికి 40 మందికి పైగా అడ్డపొగ తాగేవారే. అంగిలి మీద పుండ్లు, అంగిలి క్యాన్సరు. నోటి క్యాన్సర్ల మీద రాసేటప్పుడు ప్రపంచంలో డాక్టర్లు మన జిల్లా పేరు చెబుతారు. మనకి పేరొచ్చిన విషయాల్లో ఇదొకటి.

పొగాకు మీద చట్టం ఏమిటి? 2003 చట్టం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు అమ్మకూడదు. బడికి వంద గజాల లోపు అమ్మకూడదు. ప్రకటన ఇవ్వకూడదు. పెట్టె మీద 85 శాతం జాగాలో బొమ్మతో హెచ్చరిక. బాగుంది. మరి నాటు చుట్టకి పెట్టె ఏది? సంతలో కట్టగా అమ్మే చుట్టకి, ఇంట్లో చుట్టుకునే ఆకుకి బొమ్మ ఎక్కడ వేస్తారు? వంద గజాలు కొలిచే టేపు మన ఊళ్లో ఏ బడి దగ్గర తీశారో ఎవరైనా చూశారా? గుట్కా నిషేధం. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, రెండూ కలిపి నోట్లో వేసుకుంటే గుట్కా. విడివిడిగా అమ్ముతారు, కొట్టు ముందే కలుపుకుంటారు.

ఇప్పుడు అడ్డపొగ తాగిన అమ్మకి అంగిలి క్యాన్సరు వచ్చిందనుకోండి. చివరి దశ. నొప్పి. ఆ నొప్పికి మందు మార్ఫిన్. మార్ఫిన్ ఎక్కడిది? ఇందాక చెప్పిన నల్లమందు. పండించేది మన దేశమే, ఎగుమతి చేసేదీ మన దేశమే. 1985 చట్టం వచ్చాక ఆస్పత్రులకు మార్ఫిన్ కొనాలంటే ఎన్నో లైసెన్సులు, ఎన్నో ఆఫీసులు. ఒక్క కాగితం తప్పితే పదేళ్ల జైలు భయం. మందుల షాపులు, ఆస్పత్రులు నమస్కారం పెట్టేశాయి. దేశంలో మార్ఫిన్ వాడకం 1997 నాటికి ఏడాదికి 18 కిలోలకు పడిపోయింది. అంతకుముందుతో పోలిస్తే నూటికి 97 వంతులు తగ్గింది. జబ్బు తగ్గి తగ్గలేదు, నొప్పి తగ్గి తగ్గలేదు. డాక్టర్లు ఏళ్ల తరబడి పోరాడితే 2014లో సవరణ వచ్చింది. మార్ఫిన్ సహా ఆరు మందులకు దేశమంతా ఒకటే పద్ధతి, గుర్తింపు ఉన్న ఆస్పత్రికి ఒకటే అనుమతి. అయినా ఇవాళ్టికీ మన పల్లె నుంచి ఆ మాత్ర కోసం విశాఖ వెళ్లాలి. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది కాబట్టి కొంత నయం.

చూశారా, జబ్బు తెచ్చే మొక్క సంతలో దొరుకుతుంది. నొప్పి తీసే మొక్క తాళం వెనక ఉంటుంది. నా బాధ ఇదే. హాని ఎంత అని కొలిచి గీసిన గీతలు కావు ఇవి. ఒప్పందం రాసే రోజున ఏ మొక్కకు పెద్ద వ్యాపారం ఉంది, ఏ మొక్కకు పండగ ఉంది, ఏ మొక్కకు ఎవరూ లేరు, దాన్ని బట్టి గీసినవి.

వేరే దేశాల గురించి రెండు ముక్కలు చెప్పి ముగిస్తాను. బ్రిటన్ 2016లో మెదడు మీద పనిచేసే ఏ పదార్థమైనా అమ్మడం నేరం అంది. తర్వాత మద్యం, పొగాకు, కాఫీ, తిండి పదార్థాలు తప్ప అని మినహాయింపులు రాసుకుంది. మెదడు మీద పనిచేసేవాటిలో జనం రోజూ వాడేవి అవే కదా! న్యూజీలాండ్ 2013లో తెలివైన పని చేయబోయింది. కొత్త మత్తు సరుకు అమ్మాలనుకున్నవాడే దానివల్ల హాని తక్కువని రుజువు చేయాలి అంది. ఆలోచన మంచిదే. మరుసటి ఏడు జంతువుల మీద పరీక్షలు చెల్లవన్నారు, తాత్కాలిక అనుమతులు రద్దు చేశారు. చట్టం పుస్తకంలో ఉంది, కొట్లో సరుకు లేదు. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు పాతిక గ్రాములు దగ్గర ఉంచుకోవచ్చు, ఇంట్లో మూడు మొక్కలు పెంచుకోవచ్చు అంది. మామూలు కొట్లో అమ్మడం మాత్రం లేదు.

థాయిలాండ్ 2022 జూన్‌లో గంజాయిని మత్తు పట్టిక నుంచి తీసేసింది. నియమాలు రాయకముందే తీసేసింది. వీధివీధినా కొట్లు వెలిశాయి. మూడేళ్లు తిరిగాక, 2025 జూన్‌లో, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని మళ్లీ బిగించారు. ఇది మనకెందుకంటే, బ్యాంకాక్ టూర్లకు వెళ్లొచ్చేవాళ్ల సూట్‌కేసుల్లో హైడ్రోపోనిక్ గంజాయి, అంటే మట్టి లేకుండా నీళ్లలో పెంచినది, మన ఎయిర్‌పోర్టుల్లో వరసగా దొరుకుతోంది. అక్కడ బిల్లు ఇచ్చారండీ అంటారు. బిల్లు ఇక్కడ చెల్లదు. పైగా దేశంలోకి తెచ్చినందుకు దిగుమతి సెక్షన్ అదనం.

గంజాయి కొట్లు తెరవమని నేను అంటున్నానా? అనడం లేదు. పదహారేళ్ల గుంటడు రోజూ పీలిస్తే ఏమవుతుందో నేను చూశాను. నేను అడిగేవి చిన్నవి. మోసిన కుర్రాడినీ మోయించినవాడినీ ఒకే తూకం రాయితో తూచకండి. 64ఏ సెక్షన్ అని ఒకటుంది. అలవాటు పడినవాడు చిన్న మొత్తంతో దొరికి, వైద్యం చేయించుకుంటానని ముందుకొస్తే కేసు నుంచి బయటపడే వీలుంది. వైద్యం మధ్యలో మానేస్తే మళ్లీ కేసే. ఆ సెక్షన్ ఉందని స్టేషన్లో ఎవరూ చెప్పరు, చాలామంది వకీళ్లకే గుర్తుండదు. తల్లిదండ్రులు ఆ నంబరు రాసుకోండి. అరవై నాలుగు ఏ.

టైమ్ అయిపోయిందని చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే ఒకటి రెండు తీసుకుంటాను.

పెద్దాయన అడుగుతున్నారు, పెరట్లోనో పొలం గట్టు మీదో దానంతట అదే గంజాయి మొక్క మొలిస్తే ఏమిటి అని. మంచి ప్రశ్న. సాగు చేస్తే 20వ సెక్షన్, పదేళ్ల దాకా. సాగులో చిన్న మొత్తం పెద్ద మొత్తం లేదు, ఒక్క మొక్కైనా సాగే. కానీ దానంతట అది మొలిచినది సాగు కాదు. అలాంటి కేసులో నాటి పెంచినట్టు సాక్ష్యం లేదని సుప్రీంకోర్టు ఒకాయన్ని విడుదల చేసింది కూడా. అయితే అక్కడితో మీ పని అయిపోలేదు. తన పొలంలో దొంగసాగు ఉందని తెలిస్తే పోలీసులకో ఎక్సైజు వాళ్లకో వెంటనే చెప్పే బాధ్యత 46వ సెక్షన్ భూమి ఉన్నవాడి మీద పెట్టింది. 47 సర్పంచి మీద, ఊరి అధికారుల మీద కూడా పెట్టింది. కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నవాళ్లు ఏడాదికోసారైనా వెళ్లి పొలం చూసుకోండి. మొక్క కనబడితే మీరే పీకి పారేసి ఊరుకోకండి, చేతిలో పట్టుకుని స్టేషన్‌కి నడిచి వెళ్లకండి. ముందు ఫొటో తీయండి, మత్తు సరుకు కేసులు చూసే మన రాష్ట్ర పోలీసు దళం ఈగల్ టీమ్ నంబరు 1972కి ఫోన్ చేయండి, తర్వాత ఒక కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. ఆ నకలు పారేయకండి.

ఇంకెవరండీ? ఆ చివర ఎవరో చెయ్యెత్తారు, మైకు అటు ఇవ్వండి.